చేపకు నీళ్ళు పోసిందెవరు?

శనివారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు తాళాలవాడు గది తాళం ఊడదీసి పక్కకు జరిగాడు. ఎల్లాజీ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని తలుపు తోశాడు. పదకొండు రోజులుగా మూసి ఉన్న గది. పైగా ఏప్రిల్ ఎండలు. లోపల అద్దాల తొట్టి, అందులో చూసే దిక్కులేని చేప. వాసన ఎలా ఉంటుందో ఊహించుకునే వచ్చాడు.

వాసన రాలేదు.

పంపు మాత్రం చిన్నగా, తెంపు లేకుండా గురగురలాడుతోంది. తొట్టి మీద నీలం లైటు వెలుగుతోంది. అంచుకు బిగించిన టేబుల్ ఫ్యాను నీళ్ళ మీదికి గాలి విసురుతోంది. ఆ వెలుగులో, రాళ్ళ సందున, అరచేతిలో ఇమిడేంత ఎర్రచారల చేప ఒకటి రెక్కలన్నీ విప్పుకుని తలకిందులుగా వేలాడుతోంది.

ఎల్లాజీ వెనక నిలబడ్డ డోరా, "బతికే ఉంది," అంది. ఆ గొంతులో ఉండాల్సినంత ఆశ్చర్యం లేదని ఎల్లాజీకి అప్పుడు తట్టలేదు. తట్టడానికి ఇంకో గంట పట్టింది.

డోరా ఈ గది ఉన్న కార్ఖానా పేటలోనే ఒక స్కూల్లో లెక్కల టీచరు. ఆమె భర్త జకర్యా బేగంపేటలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో సీనియర్ టెక్నీషియన్. ఈస్టరు వెళ్ళిన రెండో రోజు, మంగళవారం పదో తారీఖున, ఉదయం ఎనిమిదిన్నరకు స్కూటరు మీద ఇల్లు వదిలాడు. సాయంత్రం ఆరింటికి హుస్సేన్ సాగర్ గట్టున స్కూటరు దొరికింది. డిక్కీలో ఒక ఉత్తరం. "పాప రక్తపరీక్ష రిపోర్టు తప్పు రాసింది నేనే. ఆ పాప చావుకు నేనే బాధ్యుణ్ణి." చేతిరాత జకర్యాదే. శవం మాత్రం ఇంతవరకూ దొరకలేదు.

ల్యాబ్ ఇచ్చిన తప్పు రిపోర్టు వల్ల వైద్యం తప్పి చనిపోయిన ఎవరిదో పాప అది. ఆ కేసు కోర్టులో ఉంది. రిపోర్టు మార్పించింది ల్యాబ్ యజమానులేనని, అసలు రిపోర్టు తన దగ్గరే ఉందని చెప్పడానికి జకర్యా పదహారో తారీఖున బోనెక్కాలి. ఆరు రోజుల ముందు మాయమయ్యాడు. పోలీసులు ఆత్మహత్య అన్నారు. సోమవారం ఫైలు మూసేస్తామన్నారు.

ఇక ఈ చేప సంగతి. నాలుగేళ్ళ కిందట జకర్యాకు దీని మీద మనసు పడింది. లయన్ ఫిష్‌లలో మరగుజ్జు రకం. వీపు ముళ్ళలో విషం ఉంటుందని తెలియగానే, ఇంట్లో పసిపిల్లను పెట్టుకుని ఇదేం పిచ్చి అని డోరా తొట్టిని గడప దాటనివ్వలేదు. అందుకని రెండు సందుల అవతల, కాంతమణమ్మ ఇంటి పెరట్లో ఈ గది అద్దెకు తీసుకున్నాడు. తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. తను ఈ గదిలో ఏనాడూ కాలు పెట్టలేదని, రాంగోపాల్‌పేట్‌లోని ఎల్లాజీ డిటెక్టివ్ ఆఫీసుకు మొదటిసారి వచ్చినప్పుడే డోరా చెప్పింది.

ఎల్లాజీ చొక్కా చేతులు మడిచి పని మొదలుపెట్టాడు.

ముందు తాళం చూశాడు. పైన వేలితో రాస్తే వేలు శుభ్రంగానే ఉంది. కిటికీ చువ్వ మీద రాస్తే నల్లగా మరక అంటింది. తరవాత తొట్టి దగ్గరకు వెళ్ళాడు. అద్దం మీద, పై అంచుకు రెండంగుళాల కింద, తెల్ల టేపు ముక్క అంటించి ఉంది. నీళ్ళు సరిగ్గా ఆ టేపు దగ్గర నిలిచి ఉన్నాయి.

"డోరా గారూ, ఈ టేపు చూశారా?"

"చూశానండీ."

"నిన్న ఈ చేపను అమ్మిన ప్రభుదాస్ దుకాణంలో రెండు గంటలు కూర్చున్నాను. సముద్రపు చేపకు తిండి కంటే నీళ్ళు ముఖ్యమన్నాడు. ఈ ఎండలకి, ఇలా ఫ్యాను పెడితే తొట్టిలో నీళ్ళు రోజుకు వేలు మందం ఇంకిపోతాయి. పదకొండు రోజులకు పదకొండు వేళ్ళు దిగాలి. ఆ పంపు నీళ్ళు అందక ఎప్పుడో కాలిపోవాలి. ఒక్క వేలు కూడా దిగలేదు." ఎల్లాజీ వాచీ చూసుకుని చిన్న నోటుబుక్కులో టైము రాసుకున్నాడు. "అంటే నిన్న మధ్యాహ్నం తరవాత ఎవరో ఈ గదిలోకి వచ్చారు. నీళ్ళు పోశారు."

డోరా రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. కుడి చేతి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. పాలగిన్నె తగిలి కాలిందని పొద్దునే చెప్పింది.

"ఆయనేనండీ," అంది. "ఇంకెవరు వస్తారు? ఆయన ఎక్కడో దాక్కున్నారు. దీన్ని వదల్లేక వస్తున్నారు. నేను చెప్పలేదూ, ఆయన పోలేదని?"

ఎల్లాజీ నోటుబుక్కులో ఆ టైము కింద 'జకర్యా?' అని రాసుకున్నాడు. తొమ్మిదేళ్ళ కిందట ఎస్సైగా ఉండగా, లాకప్పులో చచ్చిపోయిన ఒక కూలీ గురించి ఉన్నదున్నట్టు రిపోర్టు రాసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అప్పటినుంచీ అతని దగ్గరికి వచ్చిన మాయమైన మనుషుల కేసుల్లో ఒక్కళ్ళు కూడా ప్రాణాలతో దొరకలేదు. ఈ ఒక్కసారి దొరుకుతాడేమో అన్న ఆశ, వద్దనుకుంటున్నా, ఒంట్లోకి పాకింది.

పదకొండూ ముప్పై అయిదుకు పెరటి గేటు దగ్గర జీపు ఆగింది.

లోపలికి వచ్చింది జకర్యా కేసు చూస్తున్న సీఐ ధర్మరాజు. ఎల్లాజీ, అతనూ ఒకే బ్యాచ్. ఆ లాకప్పు కేసులో ఎల్లాజీ రిపోర్టును చించేసి ఇంకో రిపోర్టు రాసిచ్చినవాడు అతనే.

"ఏందయ్యా ఎల్లాజీ! పట్టపగలు తాళాలు పలగ్గొట్టే దందా షురూ చేసినవా?"

"ఇంటావిడ ఒప్పుకుంది. భార్య పక్కనే ఉంది. దొంగతనం ఏటుంది ఇందులో?"

"నీతోని మాట్లాడుడే తక్లీఫు. అమ్మా," అంటూ డోరా వైపు తిరిగాడు, "మీకు ఎన్నిసార్లు జెప్పాలె? సార్ మంగళవారం నాడే పాయె. పూడికల ఇరుక్కున్నడు, అందుకే బాడీ పైకి తేలలేదు. ఈయన మాటలు పట్టుకుని ఎందుకు పరేషాన్ అవుతరు?"

డోరా గోడకు ఆనుకుంది. ఎల్లాజీకి ఒళ్ళు మండింది. మండకుండా ఉంటే బాగుండేదని ఆ తరవాత చాలాసార్లు అనుకున్నాడు.

"మంగళవారం పోయినవాడు శుక్రవారం వచ్చి చేపకు నీళ్ళు పోశాడా, ధర్మరాజూ?"

"ఏందీ?"

ఎల్లాజీ టేపు చూపించాడు. నీళ్ళు ఇంకే లెక్క చెప్పాడు. తాళం మీద దుమ్ము లేకపోవడం చెప్పాడు. ధర్మరాజు మొదట నవ్వాడు. వింటున్న కొద్దీ ఆ నవ్వు పలచబడింది. వంగి నీళ్ళ వంక చాలాసేపు చూశాడు.

"ఎవరొచ్చిండ్రు?" అన్నాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"అదే తేలుస్తాను."

"ఎవరన్న చూసిండ్రా?"

"కాంతమణమ్మ వంటింటి కిటికీ ఈ తలుపుకు ఆరడుగుల దూరం కూడా లేదు. ఇక్కడికి ఎవరు వచ్చినా, ఏ రోజు వచ్చినా ఆవిడ కంట పడకుండా పోలేరు. అడుగుతాను. ఆవిడ చెప్పింది కాగితం మీద పెట్టి, సోమవారం నీ ఫైలుతోపాటే కోర్టులో ఇస్తాను."

ధర్మరాజు తల తిప్పి ఆ కిటికీ వైపు చూశాడు. రెండు రెక్కల పాత కిటికీ. సగం మూసి ఉంది. ఇంతకుముందు దాన్ని గమనించనివాడిలా చూశాడు.

"సరే. తేల్చుకో," అన్నాడు. ఇంకొక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయాడు. అంత తొందరగా వెనక్కి తగ్గే మనిషి కాదు. టైము పదకొండూ యాభై అయిదు.

జీపు చప్పుడు దూరమయ్యాక ఎల్లాజీ మళ్ళీ తొట్టి ముందు కూర్చున్నాడు. అరలో ఉప్పు కొలిచే ప్లాస్టిక్ డబ్బా ఉంది. నీళ్ళు నింపితే లోపలి ముల్లు పైకి లేచి అంకె చూపిస్తుంది. ఎలా వాడాలో ప్రభుదాస్ నేర్పించాడు. ముల్లు పచ్చగీత దగ్గర, ఒకటీ పాయింట్ సున్నా రెండు అయిదు దగ్గర నిలవాలి.

ఎల్లాజీ డబ్బా ముంచి తీశాడు. ముల్లు పచ్చగీత దాటింది. ఎర్రగీత కూడా దాటింది. సున్నా మూడు రెండు దగ్గర ఆగింది. నీళ్ళు పారబోసి మళ్ళీ ముంచాడు. మళ్ళీ అదే అంకె.

అతను తొట్టి అద్దానికి ముఖం ఆనించాడు.

దగ్గరగా చూస్తే చేప మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. ఒక మూల అడుగున మూడు చిన్న చేపలు చచ్చి పడి ఉన్నాయి. మంచినీళ్ళలో పెరిగే గప్పీలు, వీధి చివర కవర్లలో కట్టి అమ్మేవి. ప్రభుదాస్ మాటలు చెవిలో మోగాయి: "దీన్ని తెచ్చిన కొత్తల బతికున్న దాన్ని తప్ప ముట్టకపోయేది సార్. జకర్యా సార్ నాలుగు నెలలు సన్నపుల్లకు రొయ్యముక్క గుచ్చి, అది బతికున్నట్టు నీళ్ళల్ల ఆడించి ఆడించి అలవాటు జేసిండు. గప్పీలు దీనికి ఒంటికి పడవు. సార్ అవి జిందగీల పెట్టడు. ఇంకోటి, ఆవిరైపోయేది నీళ్ళే, ఉప్పు పోదు. అందుకే తగ్గినకాడికి ఒట్టి మంచినీళ్ళే పొయ్యాలె. తెల్వనోళ్ళు ఉప్పునీళ్ళు పోస్తరు. ఉప్పు మీద ఉప్పు ఎక్కి చేప సస్తది."

పోసింది తెలియనివాళ్ళు. జకర్యా కాదు.

ఎల్లాజీ లేచి డోరా వైపు తిరిగాడు. ఆమె తలుపు పక్కన, తొట్టికి వీలైనంత దూరంలో నిలబడి ఉంది.

"ఆ వేలి గుడ్డ విప్పండమ్మా."

"కాలిందని చెప్పాను కదండీ."

"మాది భీమిలి. మా అయ్య వలలో ఇలాంటి చేప పడితే కర్రతో తీసి పారేసేవాడు. ఓసారి మా అన్న చేత్తో ముట్టుకున్నాడు. కాలిన వేలు ఎలా ఉంటుందో తెలుసు, ముల్లు దిగిన వేలు ఎలా ఉంటుందో కూడా తెలుసు. విప్పండి."

డోరా విప్పలేదు. మెల్లగా నేల మీద కూర్చుంది. తల దించుకుని బొటనవేలిని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుంది.

"మొన్న గురువారం కుట్టింది," అంది. "చచ్చిన గప్పీని తీయబోతే. చెయ్యంతా నిప్పుల్లో పెట్టినట్టు మండింది. పిల్లకి తెలియకూడదని బాత్‌రూములో తలుపేసుకుని ఏడ్చాను."

"తాళంచెవి?"

"ఆయన గెడ్డం గీసుకునే డబ్బాలో ఇంకోటి ఉంది. ఈ నెల పదమూడున, శుక్రవారం దొరికింది. అప్పటినుంచీ రోజూ పొద్దున ఏడింటికి వస్తున్నాను. ఉప్పు ప్యాకెట్లు ఇక్కడే ఉన్నాయి. సముద్రపు చేప కదా, ఉప్పునీళ్ళే పోయాలనుకున్నాను. ప్యాకెట్టు మీద రాసినట్టే కొలిచి కలిపానండీ. లెక్క తప్పలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

డోరా తల ఎత్తింది.

"అందరూ పోయాడనే అంటున్నారు. చర్చిలో ఆదరణ కూడిక, అదే సంతాప ప్రార్థన, ఎప్పుడు పెట్టుకుందామని పాస్టరుగారు అడిగారు. మా చెల్లెలు ఎమిలీ కూడా, ఇక ఒప్పుకో అక్కా అంటోంది. నేనొక్కదాన్నే నమ్ముతున్నాను. ఒక్కదాన్నే నమ్మడం చాలా కష్టంగా ఉందండీ. మీరు కూడా ఈ చేపను చూసి ఆయన వస్తున్నారని నమ్మితే, ఇద్దరం అవుతాం కదా అనుకున్నాను. అంతకంటే ఏమీ లేదు."

ఎల్లాజీకి కోపం రావాలి. రాలేదు. ధర్మరాజు ముందు తను అంత గట్టిగా చెప్పిన లెక్క, నోటుబుక్కులో రాసుకున్న ఆ పేరు, ఆ కాస్త ఆశా మొత్తం ఈ మనిషి బకెట్లో కలిపిన ఉప్పునీళ్ళు. పక్కనున్న క్యాను మూత తీసి ఒక చెంబుతో మంచినీళ్ళు ముంచి, తొట్టిలోంచి అంతే తీసి పారబోసి, కొద్దికొద్దిగా పోశాడు. ఒక్కసారిగా మారిస్తే తట్టుకోలేదని ప్రభుదాస్ చెప్పాడు. రెండో చెంబు పోస్తుండగా అతని చెయ్యి ఆగింది.

"మీరు మొదటిసారి వచ్చింది పదమూడో తారీఖు శుక్రవారం. ఎన్నింటికి?"

"పొద్దున ఏడు దాటింది."

"ఆ రోజు నీళ్ళు ఎక్కడున్నాయి?"

"అంటే?"

"టేపుకు ఎంత కింద ఉన్నాయి? బాగా ఆలోచించి చెప్పండి."

డోరా కళ్ళు మూసుకుంది. ఆమె లెక్కల టీచరు. గుర్తు తెచ్చుకుంటే అంకె తప్పదు.

"కింద లేవండీ. టేపు దగ్గరే ఉన్నాయి. ఆ రోజు నేను పోయనే లేదు. టేపు గుర్తు దేనికో మర్నాడు శనివారం నీళ్ళు దిగాకే అర్థమైంది. శనివారమే మొదట పోశాను."

"ఆ పంపు, ఫ్యాను?"

"అన్నీ నడుస్తున్నాయి."

ఎల్లాజీ చెంబు కింద పెట్టేశాడు.

"జకర్యా గారు మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకు ముందే ఇక్కడికి వచ్చి పోయారనుకుందాం. మంగళ, బుధ, గురు. శుక్రవారం పొద్దుటికి మూడు వేళ్ళు దిగాలి. దిగలేదు. అంటే గురువారం ఎవరో నిండా పోశారు. మీరు కాదు. తెలియనివాళ్ళు కూడా కాదు. పోసింది ఉప్పునీళ్ళయితే మీరు చూసినప్పటికే చేప ఇలా రొప్పుతుండేది. అప్పుడెలా ఉంది?"

"హాయిగా తిరుగుతోంది." డోరా లేచి నిలబడింది. ముఖంలోకి రక్తం పొంగింది. "గురువారం! పన్నెండో తారీఖు! ఆ ఉత్తరం పదో తారీఖుది! అంటే ఆయన..."

"గురువారం దాకా బతికే ఉన్నారు. అంతవరకే నేను చెప్పగలను." ఆమె ముఖం చూడలేక ఎల్లాజీ చూపు తిప్పుకున్నాడు. గురువారానికీ ఈ శనివారానికీ మధ్య తొమ్మిది రోజులున్నాయి. తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా ఆ మనిషి మళ్ళీ నీళ్ళు పోయడానికి రాలేదు. ఆ లెక్క ఆమెకూ తెలుసు. వేసుకోవడం లేదంతే.

పన్నెండూ పాతికకు ఇద్దరూ కాంతమణమ్మ వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. ఆమె రిటైరైన నర్సు. పెళ్ళి చేసుకోలేదు. ఒక్కతే ఉంటుంది. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. వాళ్ళను చూసి చేట దించలేదు.

"కాంతమణమ్మా, పన్నెండో తారీఖు గురువారం ఆ గదికి ఎవరొచ్చారు?"

"నాకేం ఎరుక సారూ. మధ్యాహ్నం కరెంటు పోయింది. పండుకున్న."

"కరెంటు పోయిందని ఎలా గుర్తుంది? తొమ్మిది రోజులైంది కదా."

చేటలో ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"రోజూ పోతది గద."

"రోజూ పోయే కరెంటు ఆ రోజు పోయిందని ఎవరూ విడిగా గుర్తుపెట్టుకోరమ్మా. ఆ రోజు ఏదో చూస్తే తప్ప."

కాంతమణమ్మ డోరా వైపు చూసింది. డోరా ముందుకు వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, చేట మీద చెయ్యి పెట్టింది.

"ఆంటీ. ఏదైనా ఫర్వాలేదు. చెప్పండి."

"రోజు పొద్దుగాల వస్తుంటివి బిడ్డా," అంది కాంతమణమ్మ. "బకెట్ల ఉప్పు కలుపుతుంటివి. ఈ కిటికీలకెళ్ళి చూస్తుంటి. చెప్తామని నోరు తెరుస్తుంటి, భయమై మూస్తుంటి. దేవుడు నన్ను క్షమించడు."

"ఏం చెబుదామని?"

"గురువారం రెండున్నర అయింది. కరెంటు లేదు, ఇంట్ల చీకటి. గేటు చప్పుడైతే కిటికీలకెళ్ళి చూసిన. తెల్ల కారు. ఇద్దరు మనుషులు, నడుమ జకర్యా సారు. చొక్కా నిండా మాపు. ఒక కన్ను వాచింది. కుంటుకుంట నడుస్తుండు. తలుపు తీసి లోపలికి తోలుకపోయిండ్రు. తొట్టి బల్ల కిందికెళ్ళి సారు పసుపుపచ్చ కవరు ఒకటి తీసిచ్చిండు. వాళ్ళు అది చూసుకున్నరు. సారు ఏదో బతిమాలిండు. ఆ పెద్దాయన నవ్వి, సరే కానియ్యి అన్నడు."

"కవర్లో ఉన్నది ఆ అసలు రిపోర్టే. ఏమని బతిమాలారు?"

"చేపకు నీళ్ళు పోసి వస్త అని. మంచినీళ్ళ క్యాను అప్పుడు ఈ కిటికీ కింద ఉంటుండె. సారు బకెట్ పట్టుకుని వచ్చిండు. ఒకడు లోపల, పెద్దాయన గుమ్మంల అటు దిక్కు తిరిగి ఫోన్ మాట్లాడుతుండు. సారు వంగి నీళ్ళు పట్టుకుంట, తల ఎత్తకుండనే అన్నడు. నేను ఆడ నిలబడ్డట్టు ఆయనకెట్ల ఎరుకయిందో మరి." కాంతమణమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. తీసి మళ్ళీ చెప్పింది. "'కాంతమణమ్మా, డోరాకు చెప్పండి. మంచినీళ్ళే పొయ్యమని. ఉప్పు కలపొద్దని.' అంతే అన్నడు. బకెట్ ఎత్తుకుని పోయిండు. పావుగంటకు అందరు కారెక్కి పోయిండ్రు."

చేట మీద పెట్టిన డోరా చెయ్యి అలాగే ఉంది. గుడ్డ చుట్టిన వేలు బియ్యంలో కూరుకుపోయింది. తన తరవాత ఆ చేపను చూసుకోవాల్సింది డోరాయేనని జకర్యాకు గురువారం రెండున్నరకే తెలుసు. ఇంకెవరూ ఆమెకు విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. పదకొండు రోజులుగా ఒంటరిగా మోసిన నమ్మకం ఆమె భుజాల మీంచి జారిపోవడం ఎల్లాజీ కళ్ళారా చూశాడు. జారిపోయాక ఆ మనిషి ఇంకా చిన్నదైనట్టు కనిపించింది.

"ఆ పెద్దాయన ఎవరు?" ఎల్లాజీ అడిగాడు.

"ఆ దినం మామూలు బట్టలల్ల ఉండె. ఎవరో ఎరుక లేదు. తెల్లారి పేపర్ల సారు మంగళవారమే చచ్చిపోయిండని రాసిండ్రు. గురువారం నేను చూస్తిని గద అని గుండె దడదడలాడింది. పోలీసోళ్ళకు చెప్తామనుకున్న. పోయిన శనివారం నాడు పోలీసులు విచారణకొచ్చిండ్రు. జీపు దిగినాయనను చూసిన. ఆయనే. ఇంక ఎవరికి చెప్పాలె సారూ? ఇందాక వచ్చి నీతోని కొట్లాడిపోయిండే, ఆయనే."

ఎల్లాజీ వాచీ చూసుకున్నాడు. పన్నెండూ నలభై. ధర్మరాజు వెళ్ళి నలభై అయిదు నిమిషాలు. ఎవరన్న చూసిండ్రా అని అడిగినప్పుడు, ఏ రోజు వచ్చినా ఆవిడ కంట పడకుండా పోలేరని గొప్పగా చెప్పింది తనే. కిటికీని వేలుపెట్టి చూపించింది తనే. గురువారం ఆ కిటికీ వెనక మనిషి ఉందని ధర్మరాజుకు అప్పటిదాకా తెలియనే తెలియదు.

"లేవండి," అన్నాడు. "ఇద్దరూ లేవండి. కాంతమణమ్మా, ఇప్పుడు నాకు చెప్పింది మేజిస్ట్రేటు ముందు చెప్పాలి. ఇవాళే. నాకు తెలిసిన వకీలు రిచర్డ్ కోర్టులోనే ఉంటాడు. వెనక దారి ఉందా?"

"బాత్‌రూము పక్కకెళ్ళి సందు ఉంది. కాని సారూ..."

ముందు గేటు చప్పుడైంది. "అమ్మా! ఇంట్ల ఎవరన్న ఉన్నరా?" ఆడ గొంతు.

ఎల్లాజీ తలుపు సందులోంచి చూశాడు. లేడీ కానిస్టేబుల్ ఒకామె. వెనక ఇద్దరు మగవాళ్ళు, యూనిఫారం లేదు. గేటు బయట తెల్ల కారు, ఇంజను ఆపలేదు.

"కాంతమణి అంటే ఎవరమ్మా? సీఐ సార్ జెర స్టేషన్ దాక తోలుకరమ్మన్నరు. చిన్న స్టేట్‌మెంట్. అరగంటల దింపేస్తం."

కాంతమణమ్మ గోడ పట్టుకుంది. సందులోంచి పరిగెత్తే వయసు కాదు. ఎంత మెల్లగా నడిచినా వీధి చివరకు అయిదు నిమిషాలు. వాళ్ళు గుమ్మం దాటి లోపలికి రావడానికి ఒక్క నిమిషం చాలు. ఎల్లాజీ ఒక్కడే అడ్డం నిలబడితే ఎంతసేపు ఆపగలడో అతనికే తెలుసు.

డోరా లేచింది. వేలికి అంటుకున్న బియ్యపుగింజలు దులుపుకుంది. కొక్కేనికి వేలాడుతున్న కాంతమణమ్మ ముతక శాలువా తీసి భుజాల మీద కప్పుకుంది.

"మా పాప ఎమిలీ దగ్గర ఉందండీ," అంది ఎల్లాజీతో, మెల్లగా. "సాయంత్రం ఒకసారి చూడండి."

"అమ్మా, వద్దు. స్టేషన్‌లో మిమ్మల్ని చూడగానే గుర్తుపడతాడు."

"అక్కడికి చేరేసరికి అరగంట పడుతుంది కదండీ. మీరిద్దరూ వెనక సందులోంచి బయటపడడానికి ఆ అరగంట చాలు." ఆమె గొంతులో భయం లేదు. ధైర్యం కూడా లేదు. అన్నీ అయిపోయినవాళ్ళ గొంతులా ఉంది. "ఆయన్ని చివరిసారి చూసిన మనిషి వాడే. నేను కూడా వాణ్ణి ఒకటి అడగాలి."

ఎల్లాజీ చెయ్యి చాచేలోపే ఆమె గొళ్ళెం తీసి ఎండలోకి నడిచింది.

"నేనే కాంతమణిని," అంది కానిస్టేబుల్‌తో. "పదండి."